కరపత్రం వెనక వైపు

బిల్లుతో పాటు ఇంటింటికీ ఇవ్వమని
రెండు వందల పది కరపత్రాలు చేతిలో పెట్టారు ఆఫీసులో.
నున్నటి కాగితం. ముందువైపు ఆకుపచ్చ భూగోళం.
"ఏసీని ఇరవై ఆరు మీద ఉంచండి.
గీజరు అవసరమైనప్పుడే వేయండి."
కాశీబుగ్గలో ఈ రేకుల ఇళ్ల వీధిలో
పన్నెండేళ్లుగా మీటర్లు చదువుతున్నాను.
గీజరున్న గడప ఒక్కటీ ఎరగను.

దాలమ్మ చదివి వినిపించమంది. వినిపించాను.
జీడి రసం తినేసిన నల్లటి వేళ్లతో
కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.
"ఇరవై ఆరేటి బావూ,
మా ఇంట్లో ఇరవై ఆరున్నది
మా గుంటడి వయసొక్కటే!"

నవ్వు సద్దుమణిగాక మొదటిసారి లోపలికి చూశాను.
మీటరు చదివేవాడు లోపలికి చూడడు.
గోడ దగ్గర ఆగి, అంకెలు నొక్కి,
కాగితం చింపిచ్చి పక్కింటికి పోతాడు.
మధ్యాహ్నం రెండు.
రేకు కింద టేబుల్ ఫ్యాను
వేడిని ఈ మూల నుంచి ఆ మూలకు మోస్తోంది.
పొయ్యి దగ్గర, పట్టపగలు, మసి పట్టిన పాత బల్బు.
పక్కనే కిటికీ ఉంది.
దానికి గోనెసంచి కట్టి ఉంది,
తిత్లీ వచ్చిన రాత్రి కట్టింది.

చెవి మీది పెన్సిలు తీసి
భూగోళాన్ని బోర్లించి
వెనక తెల్లటి వైపు రాశాను:
"రేకు మీద సున్నం, రెండు పూతలు.
కిటికీ గోనె విప్పెయ్.
తుఫాను వెళ్లిపోయింది."

ఆ తర్వాత చెయ్యి ఆగలేదు.
సోడా కొట్టు కూర్మారావు ఫ్రిజ్ తలుపులో
పాత బిల్లు ముక్క ఇరికించి లాగాను.
జారి వచ్చేసింది, ఊడిన పన్నులా.
"రబ్బరు మార్పించు. నువ్వు అమ్మే చల్లదనంలో సగం
ఈగలు ఉచితంగా తాగుతున్నాయి."
గున్నమ్మకు చదువు రాదు,
ఆమెకు స్విచ్చు బొమ్మ గీసి ఇచ్చాను.
నీలవేణి ఇంట్లో మంచం మీద మొగుడు,
రెండేళ్లుగా కాలూ చెయ్యీ కదలదు.
తలాపున ఫ్యాను, రాత్రీ పగలూ.
చాలాసేపు పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను.
"దీన్ని ఆపకు" అని రాసి ఇచ్చాను.

వీధి చివర జీడి ఫ్యాక్టరీ ఆయన మేడ.
నిజానికి ఈ కరపత్రం పుట్టింది ఆ ఇంటికే.
ఆ ఒక్క మీటరూ మా వీధంతటి కన్నా ఎక్కువ తింటుంది.
రాశాను: "పై అంతస్తు చివరి గది ఏసీ
ఎప్పుడొచ్చినా గోడ బయట కారుతూనే ఉంటుంది.
ఆ గదిలో ఎవరుంటారు?"
గేటు దగ్గర వాచ్‌మన్ బైరాగి కూడబలుక్కుని చదివి
"మనుసులెవులూ లేరు. సాంపుల్ పప్పు డబ్బాలున్నాయి" అన్నాడు.
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
మెడ దగ్గర విసురుకున్నాడు.
అది లోపలికి వెళ్లిందో లేదో నాకు తెలీదు.

మళ్లీ నెల. ఎండలు ముదిరాయి.
దాలమ్మ రేకు, దూరం నుంచే, తెల్లగా కళ్లలో పొడిచింది.
నలభై ఆరు యూనిట్లు నలభై ఒకటయ్యాయి.
డబ్బు సంగతి అడుగుతుందనుకున్నాను.
"ఆ అయిదూ ఎటెల్నాయి మరి?" అంది.

ఏం చెప్పాలో తోచలేదు.
అప్పుడే పట్టాల మీద బొగ్గు బండి,
తాల్చేరు వైపు నుంచి, నిండుగా, నెమ్మదిగా.
"అందులో నీ పేరున
నాలుగు కేజీలు ఎక్కలేదనుకో."

"నాలుగు కేజీలేనా!"
మొహం చిన్నబుచ్చుకుంది.
రోజుకి అంతకు ఎన్ని రెట్లు పిక్క కొడుతుందో ఆమెకు తెలుసు.
కాసేపు ఊరుకుని,
కిటికీలోంచి వీధి ఆ కొస దాకా చూసి
"మొత్తం ఎన్ని గడపలన్నావు?" అంది.

నేను చెప్పేలోపే
ఆమె వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలెట్టింది.
నేను పక్కింటి మీటరు దగ్గరికి నడిచాను.
యాభై ఎనిమిది దాకా
ఆ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది.